వీపు మాటలు చెప్పిన మనిషి

పుల్ల అని పిలిచేవాళ్ళం గానీ మనిషి పుల్ల కాదు. గుమ్మంలో నిలబడ్డాడంటే లోపల దీపం వేసుకోవాల్సిందే. వాళ్ళ అక్క మొగుణ్ణి బండ అనేవాళ్ళం. ఆయనేమో చొక్కా తొడుక్కున్న హ్యాంగరు. పేర్లు తారుమారవడానికి కారణం ఉంది. పరాయి భాషల నుంచి తెచ్చిన పాత నలుపు తెలుపు హాస్యచిత్రాలకు తెలుగు మాటలు అతికించి టీవీలో వేసే రోజుల్లో, ఆ చిత్రాల్లో ఎప్పుడూ కనిపించే జంటలో లావాటివాడికి బావ గొంతిచ్చాడు, సన్నటివాడికి బావమరిది ఇచ్చాడు. డబ్బింగ్ గదిలో ఒంటితో పనిలేదు. గొంతు ఏ ఒంట్లో దూరితే మనిషి వాడే. పెళ్ళాలు తప్ప లోకమంతా వాళ్ళని ఆ పేర్లతోనే పిలిచింది.

అప్పట్లో ఒకటే మైకు. ఇద్దరూ దాని ముందు భుజాలు రాసుకుంటూ నిలబడేవారు. పుల్ల ఎడమ చెయ్యి ఎప్పుడూ బావ మోచేతి మీద ఉండేది. మాట ఎత్తుకోవాల్సినప్పుడు చిన్నగా నొక్కేవాడు. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపేసేవారు. ఇద్దరి చెమటకీ ఒకటే తువ్వాలు. ఒకడు తప్పు పలికితే రీలు వెనక్కి తిప్పి ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. దాంతో ఒకడి తప్పు మీద ఇంకొకడికి మంట పుట్టేది, ఆ మంట గొంతులోకి దిగేది, తెర మీద జంట నిజంగానే తన్నుకుంటున్నట్టు వినపడేది.

వాళ్ళకి పేరు తెచ్చింది మాత్రం వీపు మాటలు. తెర మీద మనిషి వీపు తిప్పితే పెదాలు కనపడవు. పెదాలు కనపడకపోతే ఏ మాటయినా పెట్టుకోవచ్చు. పాత జంటలు హాల్లో జనం నవ్వడానికని ప్రతి దెబ్బ తర్వాతా కాస్త ఖాళీ వదిలేవారు. టీవీ ముందు కూర్చున్న నలుగురు ఆ ఖాళీని నింపలేరు. అందుకని మా వాళ్ళిద్దరూ దాన్ని గొణుగుడుతో నింపేవారు. ఒకే కుర్చీ, ఒకే గిరాకీ ఉన్న ఇద్దరు మంగలుల సినిమా ఒకటుంది. చెరో చెంప గీస్తారు. లావాటి మంగలి కత్తి నూరడానికి అటు తిరగ్గానే, కాగితంలో లేని మాట ఒకటి బావ అందుకున్నాడు.

"నిన్న మీ అక్క కూరలో ఉప్పు మర్చిపోయింది. నేనేమన్నా అన్నానా?"

సన్నటివాడు సబ్బు కోసం వంగాడు. పుల్ల మోచెయ్యి నొక్కి, "అనుంటే ఈ కత్తి కింద తల నీదయ్యేది బావా," అన్నాడు.

ఆ ముక్క ఊరంతా నవ్వింది. వాళ్ళ అక్క మాత్రం, "ఇంట్లో మాట వీధిలో ఆరేశారు కదా, ఇంక ఆ చప్పిడి కూరే తినండి," అని కొన్నాళ్ళపాటు ఉప్పు డబ్బా తన కొంగున కట్టుకున్నంత పని చేసింది. ఆ మాటలు రాసే కొలువులో నేనూ కొంతకాలం ఉన్నాను కాబట్టి చెబుతున్నాను: నేను రాసినవాటికంటే నేను రాయనివే జనానికి గుర్తున్నాయి.

జంట నవ్వు అన్నది తిరగలి లాంటిది. పైరాయి తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, అందరి చూపూ దాని మీదే. కిందిరాయి కదలదు. పిండి పడేది మాత్రం ఆ రెండింటి మధ్యే. నేను తిరిగిన ఊళ్ళలో సంతల్లో, రైలు స్టేషన్ల బయట, గుడారాల్లో ఎన్నో జంటల్ని చూశాను. ఒకడు వాగుతాడు, ఒకడు వింటాడు. వాగేవాడికి చప్పట్లు. కానీ చిల్లర పళ్ళెం పట్టుకుని జనంలోకి దిగేది ఎప్పుడూ వినేవాడే, వాడి మొహం చూసే జనానికి జాలేసేది. ఈ గొంతుల జంటలో పైరాయి పుల్ల. బావ "ఊఁ" అనేవాడు, "అలాగా" అనేవాడు, "నేను ముందే చెప్పాను" అనేవాడు. పుల్ల వాగుడంతా ఆ మూడు ముక్కల మీద తిరిగేది.

తర్వాత పాత సినిమాలు వెయ్యడం మానేశారు. బావ ఒక ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర కూర్చున్నాడు. పుల్ల గొంతు బళ్ళెక్కింది. పాత ఇనుము కొంటాం, పగిలిన కుర్చీలు కొంటాం అని సందుల్లో తిరిగే మైకు బండ్లలో వినపడేది రికార్డు చేసి పెట్టిన పుల్ల గొంతే. "చచ్చాక కూడా నా మొగుడు సందు సందునా అరుస్తూనే ఉంటాడు, నాకు విధవరాలి సుఖం కూడా లేదు," అనేది వాళ్ళావిడ.

ఆవిడ అలా అనగలిగింది గానీ, నిజంగా పోయింది పుల్ల అక్క. ఆవిడ పోయాక బావ నోరు మూతపడింది. ఆయాసం ముందునుంచీ ఉంది, తక్కువ మాట్లాడమన్నారు డాక్టర్లు. ఆయన అసలు మాట్లాడ్డమే మానేశాడు. పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు, కిటికీ పక్కన కుర్చీ, పక్క మేడ గోడ. ప్రతి ఆదివారం పుల్ల మోకాళ్ళు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వెళ్ళేవాడు. కూర వండేవాడు, ఉతికిన బట్టలు మడిచేవాడు, చీకటి పడేదాకా ఒక్కడే మాట్లాడేవాడు. బస్సులో ఎవరు తిట్టుకున్నారో, బియ్యం ఎందుకు ముక్కిపోతున్నాయో, ఎవరి కోడలు ఎవర్ని ఏమందో. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయేవాడు.

"ఏమన్నారు మీ బావగారు?" అనడిగేది వాళ్ళావిడ.

"ఏమంటాడు. చెంచా ఇమ్మన్నాడు."

"అయితే ఈవారం నయమే. పోయినవారం వేలు చూపించారు."

ఆ రోజుల్లోనే కొత్త సినిమా వచ్చింది. డబ్బింగ్ చేయించే డైరెక్టరమ్మ చిన్నప్పుడు ఈ ఇద్దరి గొంతులు వింటూ అన్నం తిన్న మనిషి. సినిమాలో ఉన్నది జంటే, ఇద్దరూ పెద్దవయసువాళ్ళే, కాబట్టి ఆ ఇద్దరే కావాలంది. ముందు ఒక్క సీను చెప్పించి కంపెనీవాళ్ళకి వినిపిస్తాను, వాళ్ళు సరేనంటే మొత్తం సినిమా మీదే అంది. మాటలు రాయడానికి నన్ను వెతికి పట్టుకున్నారు. పుల్ల నాకు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: "ఇది దాటిపోతే మా బావ ఇంక నోరు తెరవడండీ. నాకు బళ్ళున్నాయి. ఆయనకి ఇదొక్కటే."

ఆ ఆదివారం ముగ్గురం బావ ఇంట్లో కూర్చుని ఆ సినిమా చూశాం. ఇద్దరు మనుషులు, ఒక ఫర్నిచర్ షాపులో అమ్మకం పని. కొనేవాళ్ళు రారు. ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని సోఫా మీద ఇద్దరూ పగలంతా కూర్చుంటారు. షాపు మూసేస్తున్నారని యజమాని ఒకడికి చెబుతాడు, రెండోవాడికి చెప్పొద్దంటాడు. రెండోవాడితోనూ అదే అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఎదుటివాడికి తెలీదనుకుని ఇద్దరూ దాస్తుంటారు. సినిమా అంతా ఇంతే.

పుల్ల కాసేపు చూసి, "ఇద్దరూ ఒకే సైజు," అన్నాడు. "ఇదేం జంట? ఒకే బస్టాపులో నిలబడ్డ ఇద్దరు. మన పాత జంటని చూడు, ఒకడు నిలువు, ఒకడు అడ్డం. తెర మీదకి రాగానే సగం నవ్వు అక్కడే. వీళ్ళు ఒకర్నొకరు ముట్టుకోరు కూడా."

నిజమే. పాత జంటకి శత్రువు వస్తువు. నిచ్చెన, తలుపు, కుర్చీ అన్నీ పగబట్టి మీదపడేవి. వాళ్ళిద్దరూ మూర్ఖులే, అందులో ఒకడికి ఆ సంగతి తెలీదు. అవమానం నడివీధిలో, పట్టపగలు జరిగేది. కొత్త జంటకి వస్తువులతో తగాదా లేదు. తాము మూర్ఖులమని ఇద్దరికీ తెలుసు, అవమానం లోపల్లోపలే జరుగుతుంది, పైకి సోఫా కవరు కిర్రుమంటుంది అంతే. ఆ కిర్రుకి నవ్వాలో లేదో తెలియక చూసేవాడు పక్కవాడి మొహం చూస్తాడు. నా వయసువాళ్ళకి అది హాస్యమని ఒప్పుకోవడం కష్టం. నేను రెండోసారి చూస్తే నవ్వొచ్చింది, మూడోసారి రాలేదు.

సినిమా అయ్యాక పుల్ల గిన్నెలు కడగడానికి లేచాడు. కుర్చీలోంచి బావ అన్నాడు, చాలా నెమ్మదిగా, ముక్క ముక్కకీ ఊపిరి తీసుకుంటూ.

"పాతవాళ్ళు కొట్టుకునేవాళ్ళు. కొట్టుకున్నారు కాబట్టి రాజీ ఉండేది. వీళ్ళు కొట్టుకోరు. రాజీ పడడానికి చోటేదీ?"

పుల్ల చేతిలో గిన్నెతో అలాగే తిరిగాడు. అక్క పోయాక బావ నోట అంత పొడుగు మాట అతను వినలేదు. "చేద్దామా బావా?" అన్నాడు.

"నువ్వుంటే."

"నేను లేకుండా ఎక్కడికి పోతాను, ఖర్మ," అని పుల్ల కుళాయి తిప్పాడు.

స్టూడియో పాత స్టూడియో కాదు. ఏసీ, గోడలకి నురగ పలకలు, ఒక్క మనిషి పట్టేంత చిన్న గది, మధ్యలో అద్దం. ఇద్దరూ అలవాటు కొద్దీ కలిసి లోపలికి వెళ్ళబోయారు. పుల్ల చెయ్యి అప్పుడే బావ మోచేతి మీదికి చేరిపోయింది. డైరెక్టరమ్మ ఆపింది.

"ఒక్కొక్కరే బాబాయిగారూ. ఇప్పుడు విడివిడిగానే తీసుకుంటాం. తర్వాత మేం కలుపుకుంటాం."

"నేను లేకుండా మా బావ ఎత్తుకోలేడమ్మా. నేను నొక్కితేనే పలుకుతాడు, కాలింగ్ బెల్లు లాగా."

"చెవిలో అవతలివాళ్ళ అసలు గొంతు వినిపిస్తుందండి. చూద్దాం."

బావ ఒక్కడే వెళ్ళాడు. అద్దం ఇవతల పుల్ల బెంచీ అంచున కూర్చుని, ఎడమ చేత్తో బెంచీనే నొక్కుతూ ఉన్నాడు, అక్కడ బావ మోచెయ్యి లేకపోయినా. తెర మీద సోఫా. అటువైపు మనిషి అడుగుతాడు, టీ తాగావా అని. ఇటువైపు మనిషి చాలాసేపు గోడ చూస్తాడు. బావ కూడా గోడే చూశాడు. తర్వాత, "తాగాను," అన్నాడు. ఊపిరి అందలేదు, ఆ చిన్నమాట చివర కొంచెం చిరిగింది. డైరెక్టరమ్మ సౌండు చూసే అతనికి సైగ చేసింది: ఉంచు, ఆ ఊపిరి తియ్యొద్దు. తర్వాతి "ఊఁ" మరీ బాగుంది. పెద్దగా ఏం చెయ్యలేదాయన. అలిసిపోయిన మనిషి ఎలా అంటాడో అలా అన్నాడు. కంపెనీ నుంచి వచ్చినాయన ఫోన్ పక్కన పెట్టి ముందుకు వంగాడు.

పుల్ల మొహం వెలిగింది. "చెప్పానా," అన్నాడు నాతో. తన వంతు రాగానే ప్యాంటు పైకి లాక్కుని హుషారుగా వెళ్ళాడు.

"టీ తాగావా?" బాగానే ఉంది. తర్వాత తెర మీద అతను గొంతిస్తున్న మనిషి కిటికీ వైపు తిరిగాడు. వీపు కనపడుతోంది.

"అది టీయా? పాత్ర కడిగిన నీళ్ళు," అన్నాడు పుల్ల.

డైరెక్టరమ్మ ఆపింది. "బాబాయిగారూ, అక్కడ ఏమీ లేదు."

"లేదు కాబట్టే పెట్టానమ్మా. ఖాళీగా ఉంది."

"ఆ ఖాళీయే సీనండి."

"అలాగా," అన్నాడు పుల్ల, బావ గొంతు అనుకరిస్తూ. అందరం నవ్వాం. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మాట పెట్టలేదు, నాలుక చప్పరించాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి ఉస్సురన్నాడు. నోరు బిగబట్టుకోమంటే బిగబట్టుకున్నాడు గానీ, తర్వాతి మాట ముందే వచ్చేసింది. అవతలివాడు మౌనంగా ఉంటే దాన్ని పూర్తి కానివ్వడు. నీళ్ళు తాగించారు, కూర్చోబెట్టి చెప్పించారు, నన్ను ఆ గది గుమ్మం దాకా పంపారు. దగ్గర్నుంచి చూస్తే నుదురంతా చెమట. చల్లటి గదిలో.

"ఏమీ అనకుండా ఉండండి, అంతే," అన్నాను.

"అదేగా రావట్లేదు," అన్నాడు. "అక్కడ ఖాళీ కనపడగానే నాకు గుండె దడ వస్తోందండి."

నేను ఇవతలికి వచ్చేసరికి బెంచీ మీద బావ తెరకేసి చూస్తూ, ఎవరితోనూ కాకుండా అన్నాడు: "ఆదివారాలు కూడా ఇంతే."

కంపెనీ ఆయన డైరెక్టరమ్మ చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ అద్దం దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటోంది. చిన్నప్పుడు తనకి అన్నం తినిపించిన గొంతుతో ఆ మాట ఎలా చెప్పాలో తెలియక. బావ అప్పటికే గాలి కోసం మెట్ల దగ్గరికి నడిచాడు. పుల్ల లోపల్నుంచే చూశాడు. ఎంత వాగినా మొహాలు చదవడం వచ్చినవాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, అందులోనే చెప్పాడు.

"అమ్మాయ్, మా బావ కుదిరాడు కదా?"

"కుదిరారండి. చాలా బాగా."

"అయితే ఆయన్ని ఉంచెయ్యండి. నా దానికి ఇంకెవర్నైనా చూసుకోండి. ఆయనతో నేను చెబుతాను."

మెట్ల దగ్గర చెప్పాడు. బావ వింటూనే చేతికర్ర అందుకున్నాడు.

"పద ఇంటికి."

"నువ్వు కుదిరావు బావా."

"ఇద్దరం అన్నావు."

"అన్నాను. రెండోవాడు కుదర్లేదు. ఏం చెయ్యమంటావు."

"ఒంటెద్దుగా నేను లాగలేనురా."

"ఇంకో ఎద్దుని కడతారు. అమ్మాయి అప్పుడే ఒకణ్ణి అనుకుంది, మంచి ఎద్దంట. బ్యాంకులకి ఫోన్ చేస్తే 'దయచేసి వేచి ఉండండి' అంటాడే, ఆ గొంతు వాడిదే. ఆగడంలో వాణ్ణి మించినవాడు లేడంట."

బావ నవ్వలేదు. మెట్టు దిగబోయాడు. పుల్ల అడ్డం నిలబడ్డాడు. అతను అడ్డం నిలబడితే ఆ మెట్ల మీద పిల్లి కూడా దాటలేదు.

"విను బావా. ఇవాళ ఆ గదిలో మాట్లాడినన్ని మాటలు అక్క పోయాక నువ్వు మొత్తం మాట్లాడలేదు. ప్రతి ఆదివారం నేనొచ్చి వాగేది నాకు సరదా అయి కాదు. నువ్వు ఆ కిటికీ దగ్గర అలా కూర్చుంటే నాకు భయం. ఇంటికెళ్ళేసరికి నాలో ఏమీ మిగలట్లేదు. అలిసిపోయాను బావా. ఈ పనైనా నీ చేత మాట్లాడిస్తుందనుకున్నాను."

బావ ఒక్కో ఊపిరే కూడగట్టుకున్నాడు. పుల్ల అందుకోబోయాడు. బావ చెయ్యెత్తి ఆపాడు.

"నేను మాట్లాడనిది ఆయాసానికి కాదు. నువ్వు సందివ్వలేదు."

"చెప్పొచ్చుగా."

"ఎక్కడ చెప్పను? సందేదీ?"

పుల్ల భుజం మీది తువ్వాలు తీశాడు. పక్క గోడకి ఆనుకున్నాడు. కింద ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. బావ మెట్టు మీద కూర్చున్నాడు, కాళ్ళు నొప్పి పుట్టాయనుకుంటాను. పుల్ల కూడా కూర్చోబోయాడు గానీ పట్టలేదు, నిలబడే ఉన్నాడు.

కర్ర ఒళ్ళో పెట్టుకుని బావ, "మీ అక్క ఉన్నప్పుడు ఆదివారాలు నువ్వొచ్చేవాడివి కాదు," అన్నాడు. "మేమిద్దరం ఏం మాట్లాడుకునేవాళ్ళం కాదు. బియ్యంలో రాళ్ళేరుకునేవాళ్ళం."

"నాకేం తెలుసు."

"నీకెందుకు తెలుస్తుంది. నువ్వు చూసినప్పుడల్లా ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. నువ్వొస్తేనే మాట్లాడేది."

పుల్ల తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడవడం ఆపలేదు, చాలాసేపు.

"చేస్తాను," అన్నాడు బావ. "కానీ ఆ ఫోన్ మనిషి నా మోచెయ్యి పట్టుకోకూడదు."

"విడివిడి గదుల్లో పెడతారు బావా. వాడు ఈ ఊళ్ళోనే ఉండక్కర్లేదు."

పని మొదలైంది. బావ రోజూ కొంచెం కొంచెం చెప్పేవాడు, ఊపిరి అందినంత. మధ్యలో నీళ్ళు, మధ్యలో ఆయాసానికి నోట్లో కొట్టుకునే పంపు మందు. ఆయన "ఊఁ"ల కోసం నేను కొన్ని మాటలు తీసేయాల్సి వచ్చింది. రాసినవాడికి అదేం సుఖం కాదు గానీ సీను బాగుపడింది. పుల్ల రోజూ ఆయన్ని బస్సెక్కించి తీసుకొచ్చేవాడు, బెంచీ మీద కూర్చునేవాడు, కునుకు తీసేవాడు. మెలకువగా ఉన్నప్పుడు తన పాత్రకి కొత్త మనిషి చెప్పిన మాటలు వినేవాడు.

"ఎలా ఉన్నాడు నీ కొత్త బావమరిది?" అనడిగాడు ఒక సాయంత్రం, బస్టాపులో.

"బాగా ఆగుతాడు," అన్నాడు బావ. "ఎందుకాగుతున్నాడో వాడికి తెలీదు."

పుల్ల ఏదో అనబోయి ఊరుకున్నాడు. బస్సు వచ్చింది, నిండా జనం, వదిలేశారు. ఇంకొకటి వచ్చింది, అదీ నిండే. బావ కర్ర మీద రెండు చేతులూ పెట్టి రోడ్డు చూస్తున్నాడు. పుల్ల ఆయన చూస్తున్నవైపే చూశాడు.

"రేపెన్నింటికి?" అన్నాడు బావ కాసేపయ్యాక.

"పొద్దున్నే. నేనొచ్చి తీసుకెళ్తాను."

"నీకేం పనుల్లేవా?"

"లేవు," అన్నాడు పుల్ల.